ముందు కలుపు పీకండి, అరుదైన మొక్క తర్వాత

హవాయిలోని కవాయి దీవి వాయవ్య తీరంలో నాపాలి అనే నిట్టనిలువు కొండచరియలు ఉన్నాయి. 1970ల్లో స్టీవ్ పర్ల్‌మన్ అనే వృక్షశాస్త్రవేత్త నడుముకు తాడు కట్టుకుని ఆ చరియల మీదకు దిగేవారు. రాతి నెర్రెలో వేళ్లూనుకున్న ఆలులా మొక్క దగ్గరకు చేరి, ఒక పువ్వులోని పుప్పొడిని కుంచెతో తీసి ఇంకో పువ్వుకు అద్దేవారు. ఆ పని చేయాల్సిన కీటకం అక్కడ కనిపించడం మానేసింది. మనిషి పూనుకోకపోతే విత్తనం కట్టే దారి లేదు. ఇవాళ ఆలులా అడవిలో దాదాపు కనుమరుగైంది. తోటల్లోనూ కుండీల్లోనూ మాత్రం వేల సంఖ్యలో బతికే ఉంది.

ఇలాంటి ఉద్యోగాలు నిజంగా ఉంటాయా? ఉంటాయి. తెలుగువాళ్లకు దొరుకుతాయా? చదువు, ఓపిక, వీసా పరిస్థితి కలిసొస్తే దొరుకుతాయి. అమెరికాలో ఎకాలజీ, పర్యావరణ శాస్త్రం, వ్యవసాయం చదువుతున్న పిల్లలు, సాఫ్ట్‌వేర్‌లో ఉంటూ సెలవులకు హవాయి వెళ్లి అడవుల మీద మనసు పడ్డ ఉద్యోగులు, ఆంధ్రా, తెలంగాణల్లో బోటనీ పూర్తిచేసి పై చదువుకు దరఖాస్తు చేసే విద్యార్థులు. వీళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. అరుదైన మొక్కను వెతుక్కుంటూ ఈ రంగంలోకి రావద్దు. ముందు ఆ అడవికి పనికొచ్చే మనిషి కావాలి. అరుదైన మొక్క దగ్గరకు మిమ్మల్ని అక్కడ పనిచేసేవాళ్లే తీసుకెళ్తారు.

హవాయి మొక్కల పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హొనలూలూకు దాదాపు 3,850 కిలోమీటర్లు. అంత దూరం సముద్రం దాటి గాలికో, పిట్ట రెక్కకో, అలకో చిక్కి వచ్చిన కొద్దిపాటి విత్తనాల నుంచే ఆ దీవుల వృక్షసంపద పుట్టింది. స్థానిక పూల మొక్కల్లో పదింట తొమ్మిది ప్రపంచంలో మరెక్కడా లేవు. మేసే జంతువులు లేని చోట పెరిగాయి కాబట్టి వాటికి ఆత్మరక్షణ అవసరం పడలేదు. ముట్టుకుంటే చురుక్కుమనిపించే నెటిల్ కుటుంబానికి చెందిన మామకికి ఆ చురుకే లేదు. పుదీనా కుటుంబపు స్థానిక జాతుల్లో చాలావాటికి వాసన లేదు. అలాంటి అడవిలోకి పందులు, మేకలు వచ్చాయి. 1793లో కెప్టెన్ వాంకూవర్ పశువులను దించాడు. ఎలుకలు విత్తనాలు తిన్నాయి. బయటి నుంచి తెచ్చిన మొక్కలు నీడ కప్పేశాయి. ఫలితంగా హవాయి మొక్కల్లో 400కు పైగా జాతులు ఇవాళ అమెరికా ప్రభుత్వపు ప్రమాదపుటంచు జాబితాలో ఉన్నాయి. అడవిలో యాభై మొక్కల కన్నా తక్కువ మిగిలిన జాతుల కోసమే ప్లాంట్ ఎక్స్‌టింక్షన్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే ప్రత్యేక బృందం పనిచేస్తోంది.

ఇప్పుడు పని సంగతి. హవాయి అడవిలో మొక్కల ఉద్యోగం అనగానే శిఖరం మీద నిలబడి పువ్వును ఫొటో తీస్తున్న దృశ్యం మనసులో మెదులుతుంది. నిజంగా జరిగే పనిలో ఎక్కువ భాగం కంచె వేయడం, కంచె బాగుచేయడం, కలుపు నరకడం, ఎలుకల బోనులు సర్దడం, నర్సరీలో పెంచిన మొక్కలను వీపున మోసుకెళ్లి నాటడం. నాటిన తర్వాత మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లి ఏది బతికింది, ఏది చచ్చింది, ఎంత ఎత్తు పెరిగింది అని రాసుకోవడం. తడిసిన బట్టలతో కొండ మీద నాలుగైదు రోజుల క్యాంపు ఉంటుంది. కొన్నిచోట్లకు హెలికాప్టరే దారి. ఇరవై కిలోల సంచి మోసుకుంటూ బాట లేని చోట నడవగలగాలని ఉద్యోగ ప్రకటనల్లోనే రాస్తారు. ఈ పని చిన్నదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కంచె పడని చోట అరుదైన మొక్క గురించి రాసిన ఏ పరిశోధన పత్రమూ ఆ మొక్కను కాపాడలేదు.

కొండలెక్కలేని వాళ్లకూ చోటుంది. ఓవాహు దీవిలో మానోవా లోయలోని లయన్ ఆర్బొరేటమ్ 1918లో మొదలైంది. అక్కడ విత్తన ప్రయోగశాల, టిష్యూ కల్చర్ ప్రయోగశాల ఉన్నాయి. హవాయి జాతుల్లో కొన్ని కుటుంబాల విత్తనాలు మామూలు విత్తన బ్యాంకులు వాడే మైనస్ 18 డిగ్రీల చలికి తట్టుకోలేవు. వాటికి వేరే ఉష్ణోగ్రత, వేరే తేమ కావాలి. విత్తన శాస్త్రం చదివినవాళ్లకు, హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీల్లోనో, పటాన్‌చెరు ఇక్రిశాట్ జన్యుబ్యాంకు లాంటి చోటో పనిచేసినవాళ్లకు ఇది తెలిసిన పనే. ఆ అనుభవాన్ని రెజ్యూమెలో అడుగున దాచకుండా పైన పెట్టాలి. బిషప్ మ్యూజియం హెర్బేరియంలో ఎండిన నమూనాలను పరిశీలించడం, వివరాలు నమోదు చేయడం మరో తరహా పని.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు చెప్పాల్సిన కథ ఒకటుంది. మందార కుటుంబానికి చెందిన హిబిస్కాడెల్ఫస్ వుడియై అనే చెట్టు అంతరించిపోయిందని 2016లో ప్రకటించారు. 2019లో కవాయిలోని నేషనల్ ట్రాపికల్ బొటానికల్ గార్డెన్ వాళ్లు కలలావ్ లోయలో మనిషి చేరలేని చరియ ముందు డ్రోన్ ఎగరేస్తే, ఆ చెట్టు అక్కడ బతికే ఉంది. ఆ తర్వాత చరియ మీది మొక్క కొమ్మను కత్తిరించి తెచ్చే చేయి ఉన్న డ్రోన్ కూడా తయారైంది. డ్రోన్ నడపడం, జీఐఎస్ పటాలు గీయడం, వేల ఫొటోల్లోంచి ఒక ఆకు ఆకారాన్ని పట్టుకునే ప్రోగ్రాం రాయడం ఇవాళ ఈ రంగంలో అవసరమైన నైపుణ్యాలే. అయితే కోడ్ వచ్చిన ప్రతివాడికీ ఇక్కడ పని ఉండదు. కోడ్ వచ్చి, ఆ ఆకు ఏ జాతిదో కూడా చెప్పగలిగినవాళ్లు చాలా తక్కువ. ఆ రెండూ కలిగిన మనిషి అవడం మీ చేతుల్లో ఉంది.

ఆ రెండోదాన్ని నేర్చుకునే బడి హవాయి కొండబాటలే. వెళ్లేముందు మొత్తం అరుదైన జాతుల పట్టిక ముందేసుకోకండి. ముందు ఓహియా లేహువా, కోవా, హాపూఉ చెట్టు ఫెర్న్, ఊలుహె ఫెర్న్, మామకి లాంటి మామూలు స్థానిక మొక్కలు పాతిక దాకా నేర్చుకోండి. వాటిని పూవు లేకుండా, కాయ లేకుండా, వానలో, లేత మొక్కగా ఉన్నప్పుడు గుర్తుపట్టాలి. ఓహియా ఒక్కటే మిమ్మల్ని చాలాకాలం కూర్చోబెడుతుంది. లావా మీద మోకాలెత్తు పొదగానూ, లోయలో ఆకాశాన్ని తాకే చెట్టుగానూ అదే జాతి కనిపిస్తుంది. ఆకు నున్నగానూ ఉంటుంది, నూగుతోనూ ఉంటుంది. తర్వాత కలుపు మొక్కలు నేర్చుకోండి. మన హిమాలయాల నుంచి వెళ్లిన కహిలి జింజర్, స్ట్రాబెర్రీ జామ, మికోనియా. తీర ప్రాంతపు లోయల్లో గుంపులుగా ఎదిగిన మన నేరేడు చెట్టు కూడా అక్కడ కలుపే. ఇంటి చెట్టులా ప్రేమగా చూసే మనకు ఈ మాట కొంచెం కష్టంగా ఉంటుంది గానీ, అక్కడి అడవి కోణం నుంచి చూడటం అలవాటు చేసుకోవాలి. ఏది స్థానికమో ఏది కాదో చూపుతోనే వేరు చేయగలిగితే సగం ఉద్యోగం వచ్చినట్టే. వాగ్నర్, హెర్బ్‌స్ట్, సోమర్ కలిసి రాసిన హవాయి పూల మొక్కల మాన్యువల్ రెండు సంపుటాలు ఈ రంగానికి ప్రామాణిక గ్రంథం. కొనలేకపోతే విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చూడండి.

ఎక్కడ నడవాలి? ఒకే దీవికి వెళ్లగలిగితే నేను పెద్ద దీవినే, అంటే హవాయి అనే పేరున్న దీవినే సూచిస్తాను. హవాయి వోల్కనోస్ నేషనల్ పార్కులో కీపుకపువావులు అనే రెండు కిలోమీటర్ల చుట్టుబాట ఉంది. చుట్టూ కొత్త లావా పారినా తాకకుండా వదిలేసిన పాత నేల అది. అక్కడ మానెలె చెట్టు ముందు ఆగండి. మన కుంకుడు చెట్టు దాని దాయాదే. ఆకు, కాయ చూడగానే తెలుగువాళ్లకు ఆ కుటుంబం తెలిసిపోతుంది. మొక్కల్ని కుటుంబాలుగా చూసే అలవాటు అక్కడ మొదలుపెట్టవచ్చు. ఆ చిట్టడవిలోనే హౌ కువాహివి అనే చెట్టు కథ కూడా ఉంది. జోసెఫ్ రాక్ 1911లో దానికి శాస్త్రీయ నామం పెట్టి వర్ణించేనాటికి అడవిలో ఒక్కటే ఉంది. 1930లో అదీ చచ్చిపోయింది. అంతకుముందే తీసి పెంచిన మొక్కల వల్ల జాతి నిలిచింది, తిరిగి అక్కడే నాటారు. రాక్‌కు వృక్షశాస్త్రంలో పట్టా లేదు. 1907లో హవాయి చేరి, బడిలో పాఠాలు చెబుతూ, కొండలు తిరుగుతూ సొంతంగా నేర్చుకున్న మనిషి. 1913లో ఆయన రాసిన హవాయి స్థానిక చెట్ల పుస్తకాన్ని ఇవాళ్టికీ తిరగేస్తారు.

కవాయిలో అలకాయి చిత్తడి నేల మీదుగా చెక్కబాట ఉంది. హవాయికి చెందిన ఏకైక కీటకాహారి మొక్క, డ్రోసెరా, అక్కడి నాచులో వేలి గోరంత ఎర్రచుక్కలుగా కనిపిస్తుంది. బాట దిగి ఒక్క అడుగు వేసినా చిత్తడి దెబ్బతింటుంది. మౌయి దీవిలో హలేయాకలా అగ్నిపర్వతం పైకి వెళ్తే ఆహినాహినా, అంటే వెండి ఆకుల సిల్వర్‌స్వార్డ్ ఉంది. దశాబ్దాల తరబడి ఎదిగి, ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. దాని వేళ్లు పైపైనే పరుచుకుంటాయి. దగ్గరకెళ్లి ఫొటో దిగేవాళ్ల అడుగులే దానికి చావు. పెళ్లి ఫొటోల కోసం ఆ మొక్కను తొక్కడం కళ్లారా చూస్తే వెంటనే ఆపమని చెప్పండి. మర్యాదగా చెప్పినా గట్టిగా చెప్పండి.

ప్రతి నడకలో ఒక నోటు పుస్తకం దగ్గరుంచుకోండి. తేదీ, సముద్రమట్టానికి ఎత్తు, దీవికి వానపడే వైపా ఎండు వైపా, పక్కన ఏమేం పెరుగుతున్నాయి, మొగ్గా పువ్వా కాయా, పంది తవ్విన గుర్తులు ఉన్నాయా. ఇవి రాయండి. ఇంటర్వ్యూలో నాకు ప్రకృతి అంటే ఇష్టం అని చెప్పేవాళ్లు చాలామంది వస్తారు. ఒకే బాటలో వేర్వేరు నెలల్లో చూసిన ఇలాంటి వివరాలు చూపించగలిగినవాళ్లు అరుదు.

బూట్ల సంగతికి వస్తే, ఇక్కడ నేను కాస్త కఠినంగా మాట్లాడతాను. హవాయి రాష్ట్రంలోని స్థానిక అడవిలో సుమారు 80 శాతం చెట్లు ఓహియాలే. 2010 ప్రాంతంలో పెద్ద దీవిలోని పూనా జిల్లాలో అవి ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. 2014లో కారణం తేలింది. అది శిలీంధ్రం. చెట్టు లోపల నీరు పారే నాళాలను మూసేస్తుంది, కొన్ని వారాల్లో పచ్చటి కొమ్మలన్నీ గోధుమ రంగుకు తిరుగుతాయి. లక్షల చెట్లు పోయాయి. ఆ శిలీంధ్రం గాయపడిన బెరడు గుండా లోపలికి వెళ్తుంది, మట్టితో బూట్లకు అంటుకుని ఇంకో అడవికి ప్రయాణిస్తుంది. అందుకే బాట మొదట్లోనూ చివర్లోనూ బూట్ల అడుగున ఉన్న మట్టి మొత్తం బ్రష్‌తో తోమి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లాలి. సంచి, కర్ర, టెంటు మేకులు కూడా. బట్టలు వేడినీళ్లలో సబ్బుతో ఉతకాలి. ఓహియా కొమ్మను విరవకూడదు, బెరడు మీద పేరు చెక్కకూడదు, ఒక దీవి నుంచి ఇంకో దీవికి దాని ఏ భాగమూ తీసుకెళ్లకూడదు. ఉద్యోగంలో చేరాక మొదటి వారంలో నేర్పేది ఇదే. ముందే అలవాటున్న మనిషిని చూస్తే బృందం నాయకుడికి నమ్మకం కుదురుతుంది.

ప్రమాదాల గురించి క్లుప్తంగా. లోయలో వాగు నిమిషాల్లో పొంగుతుంది, నీళ్లు గోధుమ రంగుకు తిరిగితే దాటకండి. మంచినీటి గుంటల్లో లెప్టోస్పైరోసిస్ జ్వరం పొంచి ఉంటుంది, ఒంటి మీద గాయాలుంటే దిగకండి. కొండ అంచుల్లో ఊలుహె ఫెర్న్ దట్టంగా అల్లుకుని కింద నేల లేదన్న సంగతినే దాచేస్తుంది, అందుకే బాట వదలకండి. వేటకు అనుమతి ఉన్న అడవుల్లో ముదురు నారింజ రంగు చొక్కా వేసుకోండి. సాయంత్రం వెలుగు త్వరగా పోతుంది, తల లైటు వెంట ఉంచుకోండి.

ఇక ఉద్యోగానికి తొలిమెట్టు స్వచ్ఛంద సేవ. కవాయిలో కొకేయే రిసోర్స్ కన్జర్వేషన్ ప్రోగ్రాం, మౌయిలో ఎండు అడవిని 1990ల చివరి నుంచి తిరిగి నాటుతున్న అవువాహి బృందం, వోల్కనోస్ పార్కులో కహిలి జింజర్ తవ్వే కార్యక్రమం, ఇంకా వేర్వేరు దీవుల్లో ఉన్న ఇన్వేసివ్ స్పీసీస్ కమిటీలు. సెలవుకు వెళ్లినవాళ్లు ఒక రోజు సముద్రపు ఒడ్డు మానుకుని కలుపు తీయడానికి వెళ్తే, ఆ రంగంలో రోజూ పనిచేసేవాళ్లతో ఒకే చోట ఎనిమిది గంటలు గడుస్తాయి. ఏ నెట్‌వర్కింగ్ కార్యక్రమంలోనూ అంత సమయం దొరకదు. చాలా బృందాలు అడవిలోకి అడుగుపెట్టేముందు అనుమతి కోరుతూ ఓలి అనే పఠనం చేస్తాయి. నిశ్శబ్దంగా నిలబడి వినండి, నేర్పితే నేర్చుకోండి. అది హవాయి ఆదివాసుల నేల. ఊళ్ల పేర్లు, మొక్కల పేర్లు సరిగ్గా పలకడానికి కష్టపడటం గౌరవంలో మొదటి భాగం.

అలా వెళ్లిన ఏదో ఒక రోజు ఎవరో మిమ్మల్ని బాట పక్కకు తీసుకెళ్లి నిజంగా అరుదైన మొక్కను చూపిస్తారు. ఆ చోటును ఎవరికీ చెప్పకండి. ఫోన్‌లో లొకేషన్ ఆపేసి ఫొటో తీయండి, సోషల్ మీడియాలో పెట్టకండి. మొక్కల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్ ప్రమాదంలో ఉన్న జాతుల స్థానాన్ని తానే మసకబారుస్తుంది గానీ, ఫొటో వెనక కనిపించే కొండ ఆకారం చాలు తెలిసినవాడికి. ప్రమాదపుటంచు జాబితాలోని మొక్క ఆకు తుంచడం, విత్తనం ఏరడం, కొమ్మ కోయడం అనుమతి లేకుండా చేస్తే హవాయి రాష్ట్ర చట్టం ప్రకారం నేరం. సొంత స్థలంలో ఉన్నా నేరమే. ఈ రంగంలో ఒక్కసారి నమ్మకం పోతే మళ్లీ పిలుపు రాదు. దీవులు చిన్నవి, అందరూ అందరికీ తెలిసినవాళ్లే.

వీసా విషయంలో ఆశ పెట్టుకునేముందు నిజాలు చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు, అంటే నేషనల్ పార్కు, వన్యప్రాణి విభాగాలకు, సాధారణంగా అమెరికా పౌరసత్వం కావాలి. కూపు అనే స్థానిక సంస్థ ద్వారా వచ్చే అమెరికోర్ ఇంటర్న్‌షిప్‌లు పౌరులకు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు మాత్రమే. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు అదే మంచి ద్వారం. ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లకు చదువైన తర్వాత ఓపీటీ అనే పని అనుమతి, స్టెమ్ కోర్సయితే దాని పొడిగింపు ఉన్నాయి. వాటిని హవాయి విశ్వవిద్యాలయపు ప్రాజెక్టుల్లో వాడుకునేలా ముందే ప్రణాళిక వేసుకోండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తమ హెచ్-1బీ అనుమతి లేని చోట జీతం పుచ్చుకోకూడదు. స్వచ్ఛంద సేవ చేసినా స్టైపెండ్ గానీ, పనికి బదులుగా వసతి గానీ తీసుకునేముందు వకీలును అడగాలి. నిబంధనలు మారుతుంటాయి, పక్కవాడి అనుభవాన్ని నమ్ముకోవద్దు.

జీతం గురించి కూడా నిజమే చెప్పాలి. మొదటి మెట్టు జీతాలు తక్కువ, హవాయిలో ఇంటి అద్దె చాలా ఎక్కువ. ఉద్యోగాల్లో చాలావరకు గ్రాంటు డబ్బు మీద నడుస్తాయి, గ్రాంటు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. కుటుంబ బాధ్యత నెత్తినున్నవాళ్లు ఉన్న ఉద్యోగం మానేసి దూకవద్దని నా ఖచ్చితమైన అభిప్రాయం. చేస్తున్న పనిలోనే ఉండి వారాంతాల్లో జీఐఎస్, మొక్కల గుర్తింపు నేర్చుకుని, ఏటా ఒక స్వచ్ఛంద వారం గడిపి, రెండు మూడేళ్లలో నిర్ణయం తీసుకోవచ్చు. ఒంటరిగా ఉన్న ఇరవై రెండేళ్ల పట్టభద్రుడికి మాత్రం నేరుగా ఫీల్డ్ పనిలో చేరమనే చెబుతాను. ఆ వయసులో మోకాళ్లు సహకరిస్తాయి.

ఇక్కడ ఆంధ్రా, తెలంగాణల్లో ఉన్న విద్యార్థులు హవాయి దాకా ఆగక్కర్లేదు. శేషాచలం కొండల్లో ఎర్రచందనం, సైకస్ బెడ్డోమీ ఉన్నాయి. అటవీ శాఖ అనుమతితో మీ అధ్యాపకుల వెంట వెళ్లి ఒక మొక్కల గుంపును ఏడాది పొడవునా గమనించి రాసిన నివేదిక, విదేశీ విశ్వవిద్యాలయపు దరఖాస్తులో మార్కుల కన్నా ఎక్కువ మాట్లాడుతుంది. గంధం చెట్ల మీద పనిచేసినవాళ్లకు ఇంకో మార్గముంది. హవాయిలో ఇలియాహి పేరుతో ఆరు స్థానిక గంధపు జాతులున్నాయి. పందొమ్మిదో శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో చైనా వ్యాపారం కోసం వాటిని నరికి కొండలు ఖాళీ చేశారు, ఇప్పుడు తిరిగి పెంచుతున్నారు. వేరే చెట్ల వేళ్లకు అతుక్కుని బతికే గంధం మొక్కను నర్సరీలో ఏ తోడుమొక్కతో పెంచాలో తెలిసిన అనుభవం అక్కడ పనికొస్తుంది.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. రీసెర్చ్ కార్పొరేషన్ ఆఫ్ ద యూనివర్సిటీ ఆఫ్ హవాయి తన ఉద్యోగ ప్రకటనలు బహిరంగంగా పెడుతుంది. అడవి పనుల్లో చాలావాటికి నియామకం దాని ద్వారానే జరుగుతుంది. నాలుగైదు ప్రకటనలు తీసి అర్హతల భాగం ఒక్కటే చదవండి. డ్రైవింగ్ లైసెన్సు, ప్రథమ చికిత్స సర్టిఫికెట్, జీపీఎస్ వాడకం, కలుపు మందు చల్లిన అనుభవం, స్థానిక మొక్కల గుర్తింపు, బరువు మోసి నడవడం. ఈ మాటలే మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. మీ దగ్గర లేని వాటి కింద గీత గీయండి. వాటిలో అన్నిటికన్నా తేలికైనదాన్ని ఈ నెలలోనే మొదలుపెట్టండి.